మందుకు కాపలా ఎవరిది?

దగ్గు తగ్గాలని తాగించిన సిరప్ పిల్లల కిడ్నీలను పాడుచేసి ప్రాణాలు తీసింది. అది తయారైంది ఒక రాష్ట్రంలో, పిల్లలు పోయింది మరో రాష్ట్రంలో. రెండింటికీ పైన ఢిల్లీలో ఒక జాతీయ సంస్థ ఉంది. పేరు సెంట్రల్ డ్రగ్స్ స్టాండర్డ్ కంట్రోల్ ఆర్గనైజేషన్, పొట్టిగా సీడీఎస్‌సీఓ. మనం మింగే ప్రతి మాత్రకూ పూచీ పడాల్సిన ఈ సంస్థ ఎలా పనిచేస్తోంది? దాని చేతిలో ఏముంది, ఏం లేదు?

2025 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లా పరాసియా ప్రాంతంలో చిన్నపిల్లలు వరసగా జబ్బుపడ్డారు. వచ్చింది మామూలు జలుబు, జ్వరమే. డాక్టరు రాసిన సిరప్ తాగించారు. కొద్ది రోజులకే మూత్రం ఆగిపోయింది. ఉన్న ఊళ్లో లాభం లేదని తల్లిదండ్రులు పిల్లల్ని నాగపూర్ ఆసుపత్రులకు ఎత్తుకు పరుగెత్తారు. డయాలసిస్ చేసినా చాలామంది దక్కలేదు. అధికారులు మొదట నీళ్లను అనుమానించి శాంపిళ్లు తీశారు, ఏదైనా కొత్త క్రిమి సోకిందేమోనని వెతికారు. చివరికి అనుమానం పిల్లలందరూ తాగిన ‘కోల్డ్‌రిఫ్’ సిరప్ మీదికి మళ్లింది.

అది తయారైంది తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో, శ్రేసన్ ఫార్మాస్యూటికల్స్ అనే చిన్న కంపెనీలో. మధ్యప్రదేశ్ నుంచి సమాచారం అందగానే తమిళనాడు అధికారులు పండగ సెలవుల్లోనే ఫ్యాక్టరీకి వెళ్లి శాంపిళ్లు తీసి పరీక్ష చేయించారు. ఎస్‌ఆర్-13 అనే బ్యాచ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం 48.6 శాతం ఉంది. ఉండదగ్గ పరిమితి 0.1 శాతం. అంటే సీసాలో సగం దాకా విషమే. అక్టోబరు 3న ఒకపక్క ఈ ఫలితం బయటికొస్తుంటే, మరోపక్క కేంద్ర ఆరోగ్య శాఖ అప్పటిదాకా పరీక్షించిన శాంపిళ్లలో ఈ విషం కనబడలేదని ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటన అబద్ధం కాదు. పరీక్షించిన శాంపిళ్లలో కోల్డ్‌రిఫ్ ఫలితం ఇంకా చేరలేదు, అంతే. ఒకే దేశంలో, ఒకే ఉపద్రవం గురించి, ఒకే రోజున రెండు ప్రభుత్వాలు రెండు మాటలు చెప్పాయి.

ఆ తర్వాత అన్నీ మామూలుగా జరిగాయి. మందు రాసిన డాక్టరును అరెస్టు చేశారు. కంపెనీ యజమానిని అరెస్టు చేశారు. లైసెన్సు రద్దయింది. రెండు రాష్ట్రాల్లోనూ కొందరు అధికారులపై వేటు పడింది. అప్పటికి చనిపోయిన పిల్లల సంఖ్య ఇరవై దాటింది. ఎక్కువమంది అయిదేళ్ల లోపువాళ్లే.

ఆ ఫ్యాక్టరీలో అధికారులు రాసుకున్న లోపాల జాబితా చూస్తే 39 అతి తీవ్రమైనవి, 325 పెద్దవి. ఇన్ని లోపాలు ఒక్క వారంలో పుట్టవు. 2011లో రాష్ట్రం ఇచ్చిన లైసెన్సుతో ఆ కంపెనీ పద్నాలుగేళ్లు నడిచింది. కేంద్ర సంస్థ దగ్గరున్న డేటాబేసుల్లో దాని పేరే లేదని తర్వాత తేలింది. దేశానికంతటికీ ఔషధ నియంత్రణాధికారి ఉన్నారు. కానీ దేశంలో మందులు తయారుచేసే కంపెనీ ఒకటి ఉందన్న సంగతే ఆయన కార్యాలయానికి తెలియదు.

లైసెన్సు ఒకరిది, బాధ్యత ఇంకొకరిది

ఈ చిక్కు ఎక్కడ మొదలైందో తెలియాలంటే 1940కి వెళ్లాలి. బ్రిటిష్ కాలంలో దేశంలోకి నాసిరకం మందులు వరదలా వచ్చిపడుతుంటే కర్నల్ ఆర్.ఎన్. చోప్రా నాయకత్వంలో ఒక కమిటీ వేశారు. 1931లో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా వచ్చిందే 1940 నాటి డ్రగ్స్ చట్టం. ఎన్నో సవరణలతో ఇప్పటికీ మనల్ని ఏలుతున్నది అదే. రాజ్యాంగంలో మందులు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలో ఉంది. పనిని కేంద్రం, రాష్ట్రాలు పంచుకున్నాయి.

కొత్త మందుకు అనుమతి ఇవ్వడం, క్లినికల్ ట్రయల్స్‌ను అనుమతించడం, దిగుమతులను చూడటం సీడీఎస్‌సీఓ పని. టీకాలు, రక్త ఉత్పత్తుల లాంటి కొన్నింటి లైసెన్సుల్లోనూ దానికి పాత్ర ఉంది. దీని అధిపతి డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ ఆఫ్ ఇండియా, డీసీజీఐ. సంస్థ కేంద్ర ఆరోగ్య శాఖలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ హెల్త్ సర్వీసెస్ కింద పనిచేస్తుంది. సెబీలాగా, ట్రాయ్‌లాగా పార్లమెంటు చట్టంతో పుట్టిన స్వతంత్ర సంస్థ కాదు. మంత్రిత్వ శాఖలో ఒక విభాగం మాత్రమే.

ఇక ఫ్యాక్టరీకి లైసెన్సు ఇవ్వడం, దాన్ని తనిఖీ చేయడం, మెడికల్ షాపులకు లైసెన్సులివ్వడం, శాంపిళ్లు తీయడం, కేసులు పెట్టడం రాష్ట్రాల పని. 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు. ఎవరి ఔషధ నియంత్రణ విభాగం వారిదే. ఎవరి సిబ్బంది, ఎవరి ల్యాబ్, ఎవరి పట్టుదల, ఎవరి అలసత్వం వారిదే.

ఒక రాష్ట్రం ఇచ్చిన లైసెన్సుతో తయారైన మందు దేశమంతా అమ్ముకోవచ్చు. హిమాచల్‌లో తయారైన మాత్ర ఆదిలాబాద్‌లో దొరుకుతుంది. అది నాసిరకమని తెలంగాణ డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పట్టుకున్నా, ఆ ఫ్యాక్టరీ లైసెన్సు రద్దుచేసే అధికారం ఆయనకు లేదు. ఇక్కడ అమ్మకం ఆపగలరు, కోర్టులో కేసు వేయగలరు. లైసెన్సు సంగతి చూడమని హిమాచల్‌కు ఉత్తరం రాయాల్సిందే. అవతలివాళ్లు ఎప్పుడు కదులుతారో, కదులుతారో లేదో వాళ్ల ఇష్టం. పెద్ద పరిశ్రమ ఉన్న రాష్ట్రానికి ఆ ఫ్యాక్టరీ అంటే పన్నులు, ఉద్యోగాలు. దాని మందు తాగి చనిపోయే రోగి వేరే రాష్ట్రపు ఓటరు. ఎవరిమీద కఠినంగా ఉండాలో, ఎవరికి జవాబు చెప్పాలో వేరువేరయినచోట నియంత్రణ ఇలాగే ఉంటుంది.

రాష్ట్రాలకు ఆదేశాలిచ్చే అధికారం చట్టంలోని 33-పీ సెక్షన్ కింద కేంద్రానికి ఉంది. హానికరమైన మందును దేశమంతటా నిషేధించే అధికారం 26-ఏ కింద ఉంది. 2016 మార్చిలో 344 మిశ్రమ మందులను, కోర్టు కేసుల తర్వాత 2018 సెప్టెంబరులో మళ్లీ 328 మిశ్రమాలను నిషేధించింది ఈ సెక్షన్‌తోనే. అంటే తలచుకుంటే కేంద్రం గట్టిగా కదలగలదు. కానీ సంక్షోభం వచ్చినప్పుడల్లా రాష్ట్రాలకు ‘సూచనలు’ పంపడమే అలవాటైపోయింది.

చెప్పని కమిటీ లేదు

ఈ లోపం ఎవరికీ తెలియక కొనసాగుతున్నది కాదు. జైసుఖ్‌లాల్ హాథీ కమిటీ 1975లోనే జాతీయ ఔషధ సంస్థ కావాలంది. శాస్త్రవేత్త ఆర్.ఎ. మషేల్కర్ కమిటీ 2003లో కేంద్రంలో బలమైన, స్వతంత్రమైన ఔషధ పాలనా యంత్రాంగం ఏర్పాటు చేయాలంది. ప్రతి 50 ఫ్యాక్టరీలకు ఒక డ్రగ్ ఇన్‌స్పెక్టర్, ప్రతి 200 మెడికల్ షాపులకు ఒకరు ఉండాలని లెక్క కూడా కట్టింది. దేశంలో మందుల షాపులు పన్నెండు లక్షలకు పైనే ఉన్నాయి. ఆ లెక్కన షాపుల కోసమే ఆరువేల మంది ఇన్‌స్పెక్టర్లు కావాలి.

ఆ సిఫార్సుల్లో ప్రభుత్వం ఒకదాన్ని మాత్రం అందుకుంది. 2008లో చట్టాన్ని సవరించి నకిలీ, కల్తీ మందులకు శిక్షలు పెంచింది. శిక్ష పెంచడానికి కాగితం చాలు, ఇన్‌స్పెక్టర్లను పెట్టడానికి డబ్బు కావాలి. సెంట్రల్ డ్రగ్స్ అథారిటీ కోసం 2013లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, 2016లో వెనక్కి తీసుకున్నారు. 2022లో మరో కొత్త చట్టం ముసాయిదా ప్రజల ముందుంచారు. అయిదు దశాబ్దాలుగా ఫైలు తిరుగుతోంది. రాష్ట్రాలు తమ అధికారం వదులుకోవడానికి ఒప్పుకోవు. చిన్న కంపెనీలకు ఢిల్లీ కన్నా సొంత రాష్ట్ర రాజధాని దగ్గర. కేంద్రానికి పదివేలకు పైగా యూనిట్ల బరువు నెత్తిన పెట్టుకోవాలని లేదు.

2012 మే నెలలో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 59వ నివేదికలో సీడీఎస్‌సీఓను ఏకిపారేసింది. అప్పటికి మంజూరైన పోస్టులు 327, పనిచేస్తున్నవారు 124 మంది. ప్రధాన కార్యాలయంలో డిప్యూటీ, అసిస్టెంట్ డ్రగ్స్ కంట్రోలర్లు కలిపి తొమ్మిది మంది. ఏడాదికి 20 వేల దరఖాస్తులు, 200కు పైగా సమావేశాలు, 700 పార్లమెంటు ప్రశ్నలు, 150 కోర్టు కేసులు వాళ్లే చూసుకోవాలి. 2008 జనవరి నుంచి 2010 అక్టోబరు మధ్య 33 మందులకు మనదేశపు రోగులపై ట్రయల్స్ లేకుండానే అనుమతులిచ్చారని సంఘం తేల్చింది. వేర్వేరు ఊళ్ల డాక్టర్లు రాసినట్టు ఫైళ్లలో ఉన్న నిపుణుల అభిప్రాయాలు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయని బయటపెట్టింది. అవి కంపెనీలే రాసిచ్చినవేమోనన్న అనుమానం వ్యక్తం చేసింది. సంస్థ తన లక్ష్యంగా రాసుకున్న మాటల్లో పరిశ్రమ ఆకాంక్షలే ఉన్నాయి, రోగి ఊసు లేదని తప్పుపట్టింది.

సిబ్బంది కొరత ఆ తర్వాత కొంత తగ్గింది, పోస్టులూ పెరిగాయి. కానీ ఎవరి కోసం పనిచేయాలన్న ప్రశ్నకు పోస్టులు జవాబు కావు.

పాత విషం, పాత కథ

డైఇథిలీన్ గ్లైకాల్ కొత్త శత్రువేమీ కాదు. బ్రేక్ ఆయిల్‌లో, రంగుల పరిశ్రమలో వాడే రసాయనం. చిక్కగా, తియ్యగా ఉంటుంది. సిరప్‌లో మందు కరగడానికి వాడే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్‌ల కన్నా చౌక. కంటితో చూసి తేడా పట్టలేం. పరిశ్రమల కోసం అమ్మే డ్రమ్ము మందుల ఫ్యాక్టరీలోకి వచ్చిపడితే, కంపెనీ ఆ డ్రమ్మును పరీక్షించకుండా వాడేస్తే, ఆ బ్యాచ్ మొత్తం విషమే. పరీక్ష కష్టమూ కాదు, మోయలేని ఖర్చూ కాదు. చేయకపోవడమే జబ్బు.

అమెరికాకు ఈ పాఠం 1937లో అందింది. టెనెసీ రాష్ట్రంలోని ఒక కంపెనీ సల్ఫా మందును ఇదే ద్రావకంలో కలిపి అమ్మితే వందమందికి పైగా చనిపోయారు. విషం అమ్మినందుకు ఆ కంపెనీని పట్టుకునే చట్టం అప్పుడు అక్కడ లేదు. సీసా మీద రాసిన పేరుకు తగ్గట్టు అందులో ఆల్కహాల్ లేదన్న లేబుల్ తప్పు మీద సరుకు స్వాధీనం చేసుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాదికే, 1938లో, భద్రత రుజువు కాకుండా కొత్త మందు అమ్మకూడదని చట్టం వచ్చింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ఇవాళ ఉన్న బలానికి పునాది అదే.

మనకు ఇదే పాఠం ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. 1973లో మద్రాసులో 14 మంది పిల్లలు. 1986లో ముంబై జేజే ఆసుపత్రిలో 14 మంది రోగులు. దానిపై వేసిన జస్టిస్ లెంటిన్ కమిషన్ మహారాష్ట్ర ఔషధ విభాగంలోని అవినీతిని కడిగేసింది, ఆరోగ్య మంత్రి రాజీనామా చేశారు. 1998లో గుర్‌గావ్‌లో 33 మంది పిల్లలు. 2019 డిసెంబరు, 2020 జనవరిలో జమ్మూలోని రామ్‌నగర్‌లో కనీసం 12 మంది. అక్కడి సిరప్ హిమాచల్‌లో తయారైంది. ఒక్కో కుటుంబానికి 3 లక్షల రూపాయలు ఇవ్వాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ జమ్మూకశ్మీర్ యంత్రాంగాన్ని ఆదేశించింది. తయారీకి లైసెన్సు ఇచ్చింది ఒకరు, పరిహారం కట్టింది ఇంకొకరు.

విదేశీ పిల్లలకు ఒక పరీక్ష, మన పిల్లలకు ఒకటి

2022 అక్టోబరు 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక హెచ్చరిక చేసింది. ఆఫ్రికాలోని గాంబియాలో పదులకొద్దీ పిల్లలు కిడ్నీలు దెబ్బతిని చనిపోయారని, హర్యానాకు చెందిన మెయిడెన్ ఫార్మాస్యూటికల్స్ సిరప్‌లలో డైఇథిలీన్, ఇథిలీన్ గ్లైకాల్ ఉన్నాయని చెప్పింది. కంపెనీ దగ్గరున్న శాంపిళ్లు పరీక్షిస్తే బాగానే ఉన్నాయని మన అధికారులు జవాబిచ్చారు. అదే ఏడాది డిసెంబరులో ఉజ్బెకిస్తాన్ నుంచి ఇలాంటి వార్తే వచ్చింది. ఈసారి నోయిడాలోని మారియన్ బయోటెక్. దాని శాంపిళ్లు 36 పరీక్షిస్తే 22 ప్రమాణాలకు నిలవలేదు. 2023 మార్చిలో లైసెన్సు రద్దయింది.

పరువు పోతోందని అర్థమయ్యాక కేంద్రం వేగంగానే కదిలింది. 2023 జూన్ 1 నుంచి ఎగుమతి చేసే ప్రతి దగ్గు మందుకూ ప్రభుత్వ ల్యాబ్‌లో పరీక్ష, ఆ ధ్రువపత్రం తప్పనిసరి చేసింది. మంచి నిర్ణయం. కానీ అదే నిబంధన దేశంలో అమ్మే సిరప్‌కు పెట్టలేదు. బయటికి పోయే సీసాకు సర్కారు ల్యాబ్ ముద్ర కావాలి, పరాసియాకు పోయే సీసాకు కంపెనీ మాట చాలు. ఆ తేడా రెండేళ్లకు పైగా సాగాక ఛింద్వాడా జరిగింది.

కోల్డ్‌రిఫ్ విషయంలో ఇంకో కథ కూడా ఉంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని, ఆ మాట లేబుల్ మీద రాయాలని 2023 డిసెంబరులో డీసీజీఐ ఆదేశించింది. కోల్డ్‌రిఫ్‌లోనూ ఆ రెండూ ఉన్నాయి. చనిపోయినవారిలో నాలుగేళ్లలోపు పిల్లలు ఎందరో. ఢిల్లీలో ఆదేశం పుట్టింది కానీ, కాంచీపురం ఫ్యాక్టరీలో లేబుల్ అంటించే బల్ల దాకా, పరాసియాలో మందు రాసే చేతి దాకా అది చేరిందో లేదో చూసే బాధ్యత ఎవరికీ లేదు.

హైదరాబాద్ నుంచి చూస్తే

ఈ వ్యవహారం తెలుగువాళ్లకు దూరపు కథ కాదు. బాలానగర్‌లో ప్రభుత్వ రంగ మందుల కంపెనీ ఐడీపీఎల్ పెట్టిన నాటి నుంచి హైదరాబాద్ మందుల ఊరు. ఆ ఫ్యాక్టరీలో పని నేర్చుకున్నవాళ్లే తర్వాత జీడిమెట్లలో, బొల్లారంలో, పాశమైలారంలో సొంత కంపెనీలు పెట్టారు. ఆంధ్రలో పరవాడ ఫార్మా సిటీ ఉంది. ఈ ఊళ్లలో ప్రొడక్షన్‌లోనో, క్వాలిటీలోనో పనిచేసేవాళ్లను అడగండి, ఏ ఆడిట్ అంటే నిద్రపట్టదో చెబుతారు. అమెరికన్ ఎఫ్‌డీఏ ఆడిట్. దాని ఇన్‌స్పెక్టర్లు వెళ్తూ వెళ్తూ లోపాలు రాసిచ్చే కాగితం పేరు ‘ఫారం 483’. ‘ఫోర్ ఎయిటీ త్రీ వచ్చింది’ అనే వార్తతో షేరు ధర పడిపోతుంది. వార్నింగ్ లెటర్ వస్తే అది ఎఫ్‌డీఏ వెబ్‌సైట్‌లో ప్రపంచమంతా చదువుకోవచ్చు.

అదే ఫ్యాక్టరీని మన డ్రగ్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ చేస్తే ఏం రాశారో ఆ మందు మింగే మనకు తెలియదు. హైదరాబాద్ పక్కనే తయారైన మాత్ర గురించి షికాగోలో రోగికి తెలిసినంత కూడా సికింద్రాబాద్‌లో రోగికి తెలియదు. ఎఫ్‌డీఏ తప్పులు చేయదని కాదు. భారతీయ మందుల కంపెనీ ర్యాన్‌బాక్సీ డేటా మోసాలు లోపలి మనిషి చెప్పేదాకా దానికీ పూర్తిగా పట్టుబడలేదు. 2013లో ఆ కంపెనీ అమెరికాలో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టింది. కానీ అక్కడ తప్పు జరిగితే కాగితం బయటికొస్తుంది. ఇక్కడ కాగితం ఫైల్లోనే ఉండిపోతుంది.

ఈ గోప్యత సంస్థకే నష్టం చేసిన ఉదాహరణ మన జీనోమ్ వ్యాలీలోనే ఉంది. 2021 జనవరి 1న నిపుణుల కమిటీ అక్కడి కోవిడ్ టీకా కోవాగ్జిన్‌కు ఇంకా సమర్థత వివరాలు కావాలంది. మరునాడే ‘క్లినికల్ ట్రయల్ మోడ్’లో అత్యవసర వాడకానికి సిఫార్సు చేసింది. జనవరి 3న అనుమతి వచ్చింది. ఒక్క రోజులో ఏం మారిందో అప్పుడు విప్పి చెప్పలేదు. తర్వాత మూడో దశ ఫలితాల్లో ఆ టీకా 77.8 శాతం సమర్థత చూపింది. టీకా నెగ్గింది. అనుమతి ఇచ్చిన తీరు మీద మాత్రం జనంలో అనవసరమైన అనుమానం మిగిలింది.

అంతకుముందు భద్రాచలం కథ. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే అధ్యయనం మొదలైంది. ఆశ్రమ పాఠశాలల పిల్లల తరఫున హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సమ్మతి పత్రాలపై సంతకాలు పెట్టారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ గిరిజన బిడ్డల తల్లిదండ్రులను అడగకుండా సంతకాలెలా పెట్టారన్నది నిలదీయాల్సిన ప్రశ్నే. 2013 ఆగస్టులో పార్లమెంటు సంఘం డీసీజీఐ కార్యాలయాన్నీ తప్పుపట్టింది. అయితే ఈ విమర్శ వృథా పోలేదు. ట్రయల్స్‌లో సమ్మతి నిబంధనలు బిగుసుకున్నాయి, 2019లో కొత్త క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాయి. ఒత్తిడి పెడితే ఈ సంస్థ మారుతుందనడానికి ఇదొక రుజువు.

మారినవి, మారనివి

న్యాయంగా చెప్పాలంటే ఇటీవలి ఏళ్లలో కదలిక ఉంది. 2022 డిసెంబరు నుంచి కేంద్ర, రాష్ట్ర అధికారులు కలిసి ముప్పు ఎక్కువున్న ఫ్యాక్టరీలను ఎంచుకుని తనిఖీ చేస్తున్నారు. 2025 నాటికి 900కు పైగా యూనిట్లను చూశారు, 690కి పైగా చర్యలు తీసుకున్నారు. తయారీ పద్ధతులకు సంబంధించిన ‘షెడ్యూల్ ఎం’ను ప్రపంచ ప్రమాణాల దగ్గరికి తెచ్చి సవరించారు. చిన్న కంపెనీలకు గడువు 2025 డిసెంబరు దాకా పొడిగించారు. ఛింద్వాడా తర్వాత ఇండియన్ ఫార్మకోపియా కమిషన్, నోటితో తాగే ద్రవ మందుల్లో ఈ గ్లైకాల్‌ల పరీక్షను తయారైన సరుకుకూ వర్తింపజేసింది. తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం కోల్డ్‌రిఫ్ వాడొద్దని వెంటనే నోటీసు ఇచ్చింది. కొన్నేళ్లుగా నకిలీ మందుల గోదాములపై, లైసెన్సు లేని దుకాణాలపై దాడులు చేస్తూ వివరాలు పత్రికలకు ఇస్తోంది.

మారనివి కూడా చెప్పుకోవాలి. సీడీఎస్‌సీఓ ప్రతి నెలా నాణ్యత లేని మందుల జాబితా ఇస్తుంది. శాంపిల్ తీసి, ల్యాబ్‌కు పంపి, ఫలితం వచ్చి, జాబితాకెక్కేసరికి ఆ బ్యాచ్ చాలావరకు జనం కడుపులోకి వెళ్లిపోయి ఉంటుంది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు. మందును మార్కెట్ నుంచి వెనక్కి రప్పించడానికి 2012 నుంచి మార్గదర్శకాలున్నాయి కానీ, వాటిని నిర్లక్ష్యం చేసిన కంపెనీని గట్టిగా శిక్షించే ప్రత్యేక చట్టం లేదు. పైగా 2023లో జన్ విశ్వాస్ చట్టం తెచ్చి, నాణ్యత తప్పిన మందుల కేసుల్లో కొన్నింటిని జరిమానా కట్టి రాజీ చేసుకునే వీలు కల్పించారు. వ్యాపారం సులువు కావాలన్న తొందరలో తెచ్చిన మార్పు ఇది. మందు నాణ్యత తప్పడమంటే రోగికి వైద్యం అందకపోవడమే. సగం బలమున్న యాంటీబయాటిక్ విషంలా వెంటనే చంపదు, జబ్బును ముదరబెట్టి చంపుతుంది. ఆ చావులు ఏ జాబితాలోకీ ఎక్కవు.

ఏం చేస్తే సంస్థ నిలబడుతుంది?

ఇంకో కమిటీ అక్కర్లేదు. ఉన్న నివేదికల్లో ఉన్నవే నాలుగు పనులు చాలు. మొదటిది, దేశంలో మందు తయారుచేసే ప్రతి యూనిట్ వివరాలు ఒకే జాతీయ రిజిస్టరులో ఉండాలి. అందులో పేరు లేనివారి మందు ఏ షాపులోనూ అమ్మకూడదు. లైసెన్సు రాష్ట్రమే ఇవ్వనీయండి, కానీ మరో రాష్ట్రంలో మందు పట్టుబడితే నిర్ణీత గడువులో చర్య తీసుకోకపోతే కేంద్రమే ఆ లైసెన్సును ఆపగలగాలి. రెండోది, ఎగుమతి సిరప్‌కు పెట్టిన ప్రభుత్వ ల్యాబ్ పరీక్ష దేశంలో పిల్లలకు అమ్మే సిరప్‌కూ పెట్టాలి. ల్యాబ్‌లు చాలవంటే ల్యాబ్‌లు కట్టాలి. మూడోది, తనిఖీ నివేదికలు కంపెనీ పేరుతో సహా వెబ్‌సైట్‌లో పెట్టాలి. నాలుగోది, సీడీఎస్‌సీఓను మంత్రిత్వ శాఖ నీడ నుంచి బయటికి తెచ్చి, సొంత బడ్జెట్‌తో పార్లమెంటుకు జవాబుదారీగా చేయాలి.

రాష్ట్రాల హక్కుల పేరుతో దీన్ని అడ్డుకునే రాష్ట్రాలు ఒకటి గుర్తుంచుకోవాలి. తమ గడ్డ మీద లైసెన్సు ఇచ్చే హక్కును కాపాడుకుంటున్నప్పుడు, పక్క రాష్ట్రంలో తయారైన విషం నుంచి తమ ప్రజలను కాపాడుకునే హక్కును వదులుకుంటున్నాయి. మెడికల్ షాపుల్లో దొరికే మందుల్లో ఎక్కువ భాగం బయటినుంచి వచ్చేవే కాబట్టి, ఆ బేరంలో నష్టపోయేది తామే.

మీ చేతిలో ఉన్నవి

సంస్థ మారేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు వాడొద్దని, అయిదేళ్లలోపు పిల్లలకు సాధారణంగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో చెప్పింది. ఎక్కువ దగ్గులు వాటంతటవే తగ్గుతాయి. సిరప్ తాగిన పిల్లలకు మూత్రం తగ్గినా, ఆగినా ఒక్క పూట కూడా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, సీసా వెంట తీసుకెళ్లండి.

మందు కొన్నప్పుడు బిల్లు అడగండి. బ్యాచ్ నంబరు, తయారీ కంపెనీ చిరునామా చూసుకోండి. ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ ఉండాలి. ఫోనుతో స్కాన్ చేస్తే ఆ వివరాలు కనిపించాలి. మందు వికటిస్తే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ హెల్ప్‌లైన్ 1800-180-3024కు చెప్పొచ్చు. నకిలీ మందులపై తెలంగాణలో ఔషధ నియంత్రణ విభాగం టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969.

చాలామందికి తెలియని హక్కు ఇంకొకటుంది. డ్రగ్స్ చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం, కొన్న మందు మీద అనుమానం వస్తే నిర్ణీత ఫీజు కట్టి ప్రభుత్వ ల్యాబ్‌లో పరీక్ష చేయించమని ఎవరైనా అడగొచ్చు. ప్రభుత్వ అనలిస్టు సంతకంతో నివేదిక ఇవ్వాల్సిందే. మీ ఊళ్లో నివాసుల సంఘం, పెన్షనర్ల సంఘం, వినియోగదారుల సంఘం ఏదున్నా, ఏడాదికి రెండు మూడు మందులకైనా ఈ హక్కు వాడుకోమనండి. ఎమ్మెల్యే, ఎంపీ ఓటడగడానికి వచ్చినప్పుడు జిల్లాలో డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఎంతమంది, ఖాళీలు ఎన్ని అని అడగండి. రోడ్డు గురించి, పింఛను గురించి అడుగుతాం. మందు గురించీ అడగడం మొదలుపెడదాం.